ముత్తయ్య పేరు మీద పందెం

పోయిన నెల బచేలిలో మా చిన్నమ్మాయి ఇంట్లో అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. ఎనభై దాటిన మనిషిని. కోరి వండించుకున్న వెదురు కొమ్ముల కూర పళ్ళెంలో అలాగే ఉండిపోయింది. మనవడు వంశీకి పదిహేను నిండాయని వాళ్ళ నాన్న ఒక పెట్టె తెప్పించాడు. మూత తీస్తే లోపల ముఖమలు గుడ్డ మీద వరసలుగా ఎరుపు, నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళలు, పక్కన రెండు పేక కట్టలు. పోకర్ ఆడుకునే సామాను అది. వంశీ, వాడి స్నేహితులు ముగ్గురు హాల్లో చాప వేసుకుని కూర్చున్నారు. నేను అన్నం కలుపుకుంటూ, "ఏం ఆటరా అది?" అని అడిగాను. "దీంట్లో ముక్కల కంటే మొహం ముఖ్యం అమ్మమ్మా. చేతిలో ఏమీ లేకపోయినా అన్నీ ఉన్నట్టు కూర్చోవాలి. ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తే గెలుపు మనదే," అన్నాడు వాడు హుషారుగా. ఆ మాట నేను డెబ్బై ఏళ్ళ కింద ఇంకో గొంతులో విన్నాను. ముద్ద నోటి దాకా రాలేదు.

అల్లుడు మంచివాడు. గనిలో ఇంజనీరు. పిల్లవాడి చదువు, తిండి, నిద్ర అన్నీ కనిపెట్టుకుని ఉండే తండ్రి. "అత్తయ్యా, ఇది జూదం కాదు. బుర్రకు పదును పెట్టే ఆట. లెక్క వస్తుంది, ఓర్పు వస్తుంది. డబ్బు పెట్టి ఆడనివ్వం కదా," అని నెమ్మదిగా చెప్పబోయాడు. నేను అరిచాను. ఏమని అరిచానో నాకే గుర్తు లేదు. మా అమ్మాయి బిత్తరపోయింది. వచ్చిన పిల్లలు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ముసలావిడకు పేకాట అంటే పడదు, పాతకాలం మనిషి అనుకుని ఉంటారు. అది తప్పు. నేనూ మా ఆయనా ముప్పై ఏళ్ళపాటు వానాకాలం సాయంత్రాలు రమ్మీ ఆడుకున్నాం. పేక మీద నాకు కోపం లేదు. నా కోపం ఎవరి మీదో ఆ అన్నాల దగ్గర చెప్పలేకపోయాను, తర్వాత చెప్పింది కూడా మొత్తం కాదు. చెప్పకుండా పోవడం కూడా నా వల్ల కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న బస్తరు సంస్థానంలో నాకేదారు. అంటే అడవి శాఖ నాకా దగ్గర కూర్చుని, అడవిలోంచి బయటికి పోయే ప్రతి బండికీ, ప్రతి మోపుకీ చీటీ రాసే చిన్న ఉద్యోగి. మా ఊరు కోంటా, శబరి ఒడ్డున. నాన్నది భద్రాచలం వైపు కుటుంబం, అమ్మది గోదావరి కింది వైపు. నాన్న కాగితం మీద హిందీ రాసేవాడు, నాకా జవాన్లతో హల్బీ మాట్లాడేవాడు, అడవి ఊళ్ళ దోర్లవాళ్ళు వస్తే వాళ్ళ దోర్లీలో పలకరించేవాడు, ఇంట్లో మాతో తెలుగు. ఇన్ని భాషలు వచ్చిన మనిషి అవసరమైన చోట ఒక్క భాషలోనూ నోరు తెరవడన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. సాయంత్రం నాకా మూసి వచ్చాక ఆయన కలం పాళీని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండిందో లేదో బొటనవేలి గోటి మీద గీసి చూసుకునేవాడు. నాన్న దస్తూరి ముత్యాల్లా ఉంటుందని జగదల్‌పూర్ కచేరీలో కూడా అనుకునేవారట. ఆ దస్తూరిని చూసి నేనెంత మురిసిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వానాకాలం మా ఇంటికి ఒక వాసన ఉండేది. వెనక గదిలో గోనెల్లో ఇప్పపువ్వు, నానిన వెదురు తడికలు, దోమలకు వేసిన వేపాకు పొగ, అన్నీ కలిసి బట్టల్లోకీ జుట్టులోకీ ఎక్కేవి. అమ్మ అడ్డాకులు ముందేసుకుని వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టేది. నాయనమ్మ గడప పక్కన కూర్చుని రాతి మీద చింతపండు కొట్టి గింజలు తీసేది. గింజ ఎగిరి దూరంగా పడితే "ఒసేయ్ రత్నం, అదిగో పారిపోయింది, పట్టుకో," అని నన్ను పరిగెత్తించేది. అలా పోగైన చింతగింజలే మాకు మొదట పోకర్ బిళ్ళలయ్యాయి.

ఆట తెచ్చింది రంగం మావయ్య. అమ్మకు పినతల్లి కొడుకు. రంగూన్‌లో ఓడల కంపెనీలో గుమాస్తాగా చేసి, యుద్ధం అక్కడికి రాగానే అందరితో పాటు కొండలూ అడవులూ పడి నడిచి వచ్చాడు. వెళ్ళేటప్పుడు ఇద్దరుగా వెళ్ళి ఒక్కడుగా వచ్చాడు. అత్త దారిలో ఎక్కడో పోయిందట. ఎక్కడ అని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఊళ్ళో కలప కంట్రాక్టరు దగ్గర రాతకోతల పని దొరికితే కోంటా చేరాడు. బర్మా నుంచి ఆయనతో వచ్చిన వస్తువులు రెండే. ఒక గొడుగు, ఒక బిస్కెట్ల డబ్బాలో పేక కట్ట. ఆయన మంచి మనిషి. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, చెడ్డవాళ్ళు పిల్లల్ని పాడు చేస్తారని అందరూ జాగ్రత్తపడతారు. మంచివాళ్ళని ఎవరూ కనిపెట్టరు. ఒక్కడూ కూర్చుంటే ఆయనకు చేతులు వణికేవి. పిల్లలు చుట్టూ ఉంటే వణుకు ఆగేది. అందుకని మధ్యాహ్నం అన్నాలు కాగానే వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి ముక్కలు పంచేవాడు.

ఆట తేలికే. మనిషికి ఐదు ముక్కలు. నచ్చనివి ఒకసారి మార్చుకోవచ్చు. జతలు, ఒకే అంకెవి గానీ బొమ్మవి గానీ మూడు, నాలుగు, ఇలా ఎవరివి పెద్దవైతే వాళ్ళు గెలుస్తారు. గింజలు పెంచుకుంటూ పోవాలి. ఎదుటివాడు పెంచినప్పుడు సమానంగా పెట్టి ముక్కలు చూడాలి, లేదా మనవి బోర్లా పడేసి తప్పుకోవాలి. తప్పుకుంటే ఎదుటివాడు తన ముక్కలు చూపించాల్సిన పని లేదు. ఇంతే. కానీ మావయ్య నేర్పింది ఇది కాదు. "రత్నం, నీ మొహం చూస్తే నీ చేతిలో ఏముందో ఊరందరికీ తెలిసిపోద్దే అమ్మలూ. రాణి వస్తే బుగ్గలు పొంగిపోతాయి, రెండు వస్తే మూతి ముడుచుకుంటావు. అలా కాదు. లోపల ఇల్లు తగలబడుతున్నా మొహం మీద పొగ రాకూడదు," అనేవాడు. ఇంకో సూత్రం కూడా చెప్పేవాడు. ఆడనివాళ్ళు వెనక నిలబడి ఎవరి ముక్కలైనా చూస్తే చెట్టులా ఉండాలి. కన్ను కదపకూడదు. అది ఆటలో మర్యాద. పదకొండేళ్ళ పిల్లని. అద్దం ముందు నిలబడి మొహం కదలకుండా ఉంచడం సాధన చేశాను. నెల తిరక్కుండా వచ్చేసింది. మావయ్య మెచ్చుకుని తన వాటా బెల్లం ముక్క నాకిచ్చాడు.

లచ్చి మా ఇంటికి సారపప్పు, తేనె, అడ్డాకులు తెచ్చే దోర్ల పిల్ల. నా కంటే రెండేళ్ళు పెద్ద. ఊరి చివర గుడిసెలో నాయన ముత్తయ్య, అన్న జోగయ్యతో ఉండేది. తల్లి లేదు. ఆకులు దింపి ఊరికే నిలబడకుండా, వరండా మెట్టు మీద కూర్చుని మా ఆట చూసేది. నాలుగు రోజులు చూసి ఐదో రోజు, "నాకు గూడ ఎయ్యి మామా," అంది. అందరం నవ్వాం. ఆ సాయంత్రానికి మా గింజలన్నీ ఆమె ఒళ్ళో ఉన్నాయి. చదువు రాదు. అంకెలు గుర్తుపట్టదు, కానీ ముక్క మీద ఎన్ని బొట్లున్నాయో ఒక్క చూపులో తెలిసేది. మొహం చూడటం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సంతలో సారపప్పు తీసుకుని దానికి సమానంగా ఉప్పు కొలిచే సావుకార్ల చేతుల్నీ కళ్ళనీ ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది. కుంచంలో బొటనవేలు ఎప్పుడు పెడతాడో కనిపెట్టకపోతే ఆ పూట ఇంట్లో గంజిలోకి ఉప్పు ఉండదు. "ఇంత గొప్ప ఆట ఈ పిల్లకి ఎలా వచ్చిందే?" అని మావయ్య ఆశ్చర్యపోయేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించి ఉంటే ఆయన అక్కడే సిగ్గుపడి ఊరుకునేవాడు.

మేమిద్దరం ఆ వానాకాలం ఒకే గొంగడి కింద తిరిగాం. ఆమె నాకు పుట్టగొడుగుల్లో తినేవేవో తినకూడనివేవో చెప్పింది. వాళ్ళ భాష కూడా చాలా వరకు నేర్పింది. నేను ఆమెకు నా పేరు రాయడం నేర్పాను, తన పేరు రాసుకోవడం నేర్పడానికి వ్యవధి లేకపోయింది.

మావయ్య గొప్పకు పోయి కలప డిపోలో చెప్పాడు. ఒక దోర్ల పిల్ల ఉంది, పోకర్‌లో మగవాళ్ళని మట్టి కరిపిస్తుంది అని. ఇక డిపో మనుషులు ఒక్కొక్కరే మా వరండాకి రావడం మొదలుపెట్టారు. లచ్చి గెలిచేకొద్దీ వాళ్ళకు సరదా. ఆమె తలమీద చెయ్యేసి, "ఏమే, ఎట్లా కనిపెట్టినవ్?" అని అడిగేవారు. ఒకతను గాజులిచ్చాడు. సంతలో కోళ్ళ కాళ్ళకు కత్తి కట్టి వదిలి చుట్టూ చేరి అరుస్తారే, వాళ్ళ కళ్ళలో అదే వెలుగు. వాళ్ళలో ఒక్కడికి కూడా ఇది పిల్ల, ఇంటికి పంపండి అని అనిపించలేదు. మా అమ్మ అందరికీ టీలు పెట్టి పంపేది. వచ్చినవాళ్ళు పెద్దమనుషులు కదా.

శ్రావణంలో శబరి పొంగింది. యుద్ధానికి కలప కావాలని, టేకు దుంగలు తెప్పలు కట్టి వెంటనే గోదావరికి దించాలని హుకుం వచ్చింది. పొంగులో తెప్ప మీద ఎవరు వెళతారు? కూలికి ఎవరూ రారు. అందుకని ఊళ్ళవాళ్ళకు వెట్టి వంతులు వేశారు. ఆ రోజుల్లో అది మామూలు. సర్కారు పని అంటే ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతో రావాలి, వస్తే. వంతుల జాబితా రాసింది మా నాన్న. ముత్యాల్లాంటి దస్తూరితో. మూడో పేరు లచ్చి నాయన ముత్తయ్యది.

కంట్రాక్టరు గోదావరి జిల్లావాడు. సన్నటి ఖద్దరు పంచె, చేతికి గడియారం. మా ఊళ్ళో అందరూ దొర అనేవారు. తెప్పలు బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం వానకు ఆగి మా వరండాలో కూర్చున్నాడు. లచ్చి ఆ రోజు ఆకులు తేలేదు. నాన్న దగ్గరికి వచ్చింది. "మా నాయనకు పది దినాలాయె జ్వరం తగ్గి. నిలబడితే కండ్లు తిరుగుతున్నయ్. ఈ పారి వద్దయ్యా, పై వంతుకు పంపిస్తం," అని చేతులు కట్టుకుని నిలబడింది. నాన్న కంట్రాక్టరు వైపు చూశాడు. ఆయన నవ్వాడు. "ఈ పిల్లేనా ఆ ఆటగత్తె? ఏమండీ నాకేదారు గారూ, ఒక పని చేద్దాం. నాతో ఒక ఆట ఆడమనండి. గెలిస్తే ఆ పేరు కొట్టేసి ఇంకోడి పేరు రాయండి. ఓడితే జాబితాలో ఉన్నదే ఉంటుంది. పిల్లకి పోయేదేం లేదు కదా?" అన్నాడు.

నాన్న ఏమనాలి? వెట్టి మీద పందేలేమిటండీ అనాలి. జ్వరం మనిషిని పంపను అనాలి. ఆయన కూడా నవ్వాడు. జాబితా తెచ్చి బల్ల మీద పెట్టి, కలం పక్కన పెట్టుకున్నాడు. మావయ్య బిస్కెట్ల డబ్బా తెరిచాడు. ఆయన చేతులు ఆ రోజు వణకలేదు, అది నాకు బాగా గుర్తు. డిపో మనుషులు ఐదారుగురు చుట్టూ చేరారు. లచ్చి తడిసిన చీర పిండుకుని చాప మీద కూర్చుంది. ఆడను అనే వీలు ఆమెకు లేదు. ఎవరూ అడగనూ లేదు.

ముక్కలు పంచారు. లచ్చి రెండు మార్చుకుంది, కంట్రాక్టరు మూడు మార్చుకున్నాడు. అమ్మ టీ గ్లాసుల పళ్ళెం నా చేతికిచ్చి పంపింది. నేను కంట్రాక్టరు వెనక్కి వెళ్ళి వంగి గ్లాసు పెడుతుంటే ఆయన చేతిలో ముక్కలు కనిపించాయి. ఇస్పేటు ఏడు, ఆటీను నాలుగు, కళావరు జాకీ, డైమన్ తొమ్మిది, డైమన్ రెండు. జత కూడా లేదు. ఏమీ లేదు. ఆయన టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "నేను పెంచుతున్నాను," అన్నాడు. "గెలిస్తే మీ నాన్నకీ, మీ అన్నకీ కూడా ఈ ఏడాదంతా వెట్టి లేదు. ఓడితే ఇద్దరూ రేపు తెప్ప ఎక్కాలి. పడేస్తే మీ నాన్న ఒక్కడే. చూస్తావా, పడేస్తావా?"

చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు. లచ్చి తన ముక్కలు మళ్ళీ చూసుకోలేదు. తలెత్తి నన్ను చూసింది. నేను ఆయన ముక్కలు చూశానని ఆమెకు తెలుసు. వాళ్ళ భాషలో ఒక్క మాట అంటే చాలు, అక్కడున్న మగవాళ్ళలో నాన్నకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మాట కూడా అక్కర్లేదు, కళ్ళు ఒకసారి ఆర్పితే చాలు. నేను చెట్టులా నిలబడ్డాను. నేర్పినట్టే. మొహం మీద పొగ రానివ్వలేదు. ఆమె కళ్ళు నా మొహం మీద వెతికి వెతికి, ఏమీ దొరక్క, కిందికి దిగాయి. ఐదు ముక్కలూ బోర్లా చాప మీద పెట్టింది.

మగవాళ్ళందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కంట్రాక్టరు తన ముక్కలు కట్టలోకి దూర్చేశాడు. లచ్చి, "నీ దగ్గర ఏమున్నయ్ దొరా?" అని అడిగింది. "చూడాలంటే పెట్టి చూడాలి పిల్లా, అది రూలు," అన్నాడు ఆయన. లచ్చి లేచి వానలోకి వెళ్ళిపోయింది. అప్పుడు మావయ్య నా భుజం తట్టి, "శభాష్ రత్నం! వెనక నిలబడి అంతా చూసి కూడా కనుబొమ్మ కదల్లేదే. నువ్వే నా అసలు శిష్యురాలివి," అన్నాడు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు ఉందో తెలియదు. డెబ్బై ఏళ్ళుగా తుడుచుకుంటున్నాను.

నాయనమ్మ ఒక్కతే ఊరుకోలేదు. కంట్రాక్టరు వెళ్ళాక కొడుకు ముందు నిలబడి, "ఏందిరా ఇది? ఆడపిల్లను కూసోబెట్టి దాని అయ్యను పందెం గట్టిస్తరా? మీరు మనుషులేనా? ఆ పేరు కొట్టెయ్యి," అంది. "అందరి ముందర అయిందమ్మా. ఇప్పుడు కొట్టేస్తే మాటకు విలువేం ఉంటది?" అన్నాడు నాన్న. మాటకు విలువట! కంట్రాక్టరు పందెంలో పెట్టినదాంట్లో ఒక్కటైనా అతనిదా? ఓడిపోతే ఇంకో ఇంటి మనిషి తెప్ప ఎక్కేవాడు, ఇతని టీ గ్లాసు కూడా చల్లారేది కాదు. పోయేదేం లేదన్నది అతనికే. లచ్చికి మాత్రం అటు నాయన, ఇటు అన్న. ఇది ఆటా? సమానమైన ఆటా? నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నాన్న తిన్నాడు. పాళీ కడుక్కున్నాడు.

ముత్తయ్య మర్నాడు తెప్ప ఎక్కాడు. మూడో మలుపులో తెప్ప విడిపోయిందట. తక్కినవాళ్ళు ఒడ్డుకు కొట్టుకుపోయారు. ముత్తయ్య కుడి చెయ్యి రెండు దుంగల మధ్య పడింది. తొమ్మిదో రోజున నడుచుకుంటూ తిరిగొచ్చాడు, చేతికి ఆకులు కట్టుకుని. ప్రాణం మిగిలింది, ఆ చేతి వేళ్ళు మిగల్లేదు. విల్లు పట్టడం, తాటిచెట్టెక్కడం, నాగలి మేడి పట్టడం, ఆ చెయ్యి చేసే పనులన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి. లచ్చి నది అవతల ఊళ్ళకు నాట్లకు కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. మా ఇంటికి ఆకులు ఇంకెవరో తేసాగారు. నేను ఒకసారి వాళ్ళ గుడిసె దాకా వెళ్ళాను. ముత్తయ్య బయట కూర్చుని ఎడమ చేత్తో మేకపిల్లకు ఆకులు పెడుతున్నాడు. "లచ్చి లేదమ్మా," అన్నాడు. తడిక సందులోంచి లచ్చి పాదాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

మావయ్య ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ముక్కలు పంచాడు. "పాపం అలా అయింది గానీ, ఆటదేం తప్పు?" అనేవాడు. నేను ఆయన ఎదురుగా కూర్చోవడం మానేశాను. మళ్ళీ ఆయన చేతులు వణకడం మొదలైంది. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కలుగుతుంది, కానీ కోపాన్ని తగ్గించేంత కాదు.

అన్నం వదిలేసి వచ్చిన ఆ సాయంత్రం అల్లుడు నా గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను ఇదంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని, "అది ఆ కంట్రాక్టరు దుర్మార్గం అత్తయ్యా. వెట్టి దుర్మార్గం. మా పిల్లలు మా ఎదురుగానే కదా ఆడుతున్నారు, పెద్దవాళ్ళం ఉన్నాం కదా?" అన్నాడు. మేమూ పెద్దల ఎదురుగానే ఆడాం నాయనా, అన్నాను. కోంటాలో ఉన్న పెద్దమనుషులందరూ ఆ వరండాలోనే ఉన్నారు. వెట్టి పోయింది, సంస్థానం పోయింది, దొరలు పోయారు, ఒప్పుకుంటాను. మీ ప్లాస్టిక్ బిళ్ళకు నదిలో మునిగే మనిషి ఎవరూ కట్టి లేరు, అదీ ఒప్పుకుంటాను. కానీ మీరు పిల్లవాడికి నేర్పుతున్నది లెక్క అనుకుంటున్నారు. లెక్క బడిలో నేర్పుతారు. ముప్పై నాలుగేళ్ళు నేనే నేర్పాను. స్నేహితుడి మొహంలో భయం కనిపిస్తే దాన్ని ఆసరాగా తీసుకోవాలని, తన మొహంలో నిజం ఎవరికీ కనిపించకూడదని నేర్పడానికి పదిహేనేళ్ళు చాలా చిన్న వయసు. పెద్దయ్యాక ఎలాగూ లోకం నేర్పుతుంది. అందాకా వాడి మొహం వాడిదిగా ఉండనివ్వండి. ఓడితే ఏడవనివ్వండి, గెలిస్తే ఎగరనివ్వండి. తలుపు దగ్గర నిలబడి వింటున్న వంశీ, "నువ్వు చెప్పేసి ఉంటే ఏమయ్యేది అమ్మమ్మా?" అని అడిగాడు. తెలియదురా, అన్నాను. దొర తన్నేవాడేమో, నాన్న కొట్టేవాడేమో. తన్నులు తిన్న సంగతి ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

లచ్చిని నేను ఇంకొక్కసారి చూశాను. అల్లుడికి అది చెప్పలేదు. అప్పటికి సంస్థానం కలిసిపోయి చాలా ఏళ్ళయింది. నాకు గీదం బడిలో ఉద్యోగం. సంత రోజు ఉప్పు దుకాణం దగ్గర పక్క నుంచి ఎవరో నా మొహంలోకి వంగి చూశారు. "రత్నమే గదా?" అంది. జుట్టు నెరిసింది, ముందు పళ్ళు రెండు లేవు. కళ్ళు అవే. కూతుర్ని ఆ వైపు ఊరికి ఇచ్చిందట, చూడటానికి వచ్చి సంతకు దిగింది. దుకాణం అరుగు మీద కూర్చున్నాం. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. నాయన ఏడాది కింద పోయాడని చెప్పింది. "సచ్చిపోయిందాక నన్ను ఒక్క మాట అనలే," అంది. "అంటే బాగుండు." ఉప్పు మూట ముడి బిగించి అడిగింది. "ఆ దినం ఆ దొర చేతిల ఏమున్నయో నువ్వు చూసినవ్ గదా. ఏమున్నయి?"

నిజం చెప్తే ఈ మనిషికి మిగిలేదేమిటి? గెలిచే ఆటను చేతులారా వదులుకుని నాయన చెయ్యి పోగొట్టానని జీవితాంతం అనుకోవాలి. ఎలాగూ ఓడిపోయేదాన్నే, అన్ననైనా కాపాడుకున్నాను అనుకుంటే కాస్త నిద్ర పడుతుంది. ఆమె కోసమే అబద్ధం చెప్పాలనుకున్నాను. మొహం సర్దుకున్నాను. అది అంత సులువుగా ఇంకా వస్తుందని నాకే తెలియదు. "పెద్ద ముక్కలే లచ్చీ. మూడు రాజులు, రెండు ఆసులు. నువ్వు పడేసి మంచి పని చేసినవ్," అన్నాను.

లచ్చి చాలాసేపు నన్ను చూసింది.

"మూడు రాజులు నా చేతిలనే ఉండె, రత్నం," అంది.

కోప్పడలేదు. ఏడవలేదు. ఉప్పు మూట గంపలో పెట్టుకుని, మీద గుడ్డ కప్పి, "ఒక చెయ్యి పట్టు," అంది. అటు నుంచి ఆమె, ఇటు నుంచి నేను పట్టుకుంటే గాని గంప లేవలేదు. తలకెత్తుకుని, చుట్టకుదురు సరిచేసుకుని, కోంటా బస్సు ఆగే వైపు నడిచి వెళ్ళింది.